చేప తలలోని బ్రేకు

ఈ పోస్టు కొంచెం పొడుగ్గానే ఉంటుంది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి. కానీ ఆదివారం కమిటీ మీటింగుకి ముందే చదవండి.

వారం రోజులుగా మన గ్రూపులో ఒక మెసేజీ తిరుగుతోంది. చెరువుల్లో పెంచే చేపలకి హార్మోన్ ఇంజక్షన్లు వేస్తున్నారట. అవి తినబట్టే ఆడపిల్లలు ముందుగా ఈడుకొస్తున్నారట, మగపిల్లలకి పెళ్లయ్యాక సంతానం కలగడం లేదట. కింద ఒక ఫోటో. తడి గుడ్డలో పట్టుకున్న పెద్ద చేప, దాని తోక దగ్గర సూది.

ఆ ఫోటో అబద్ధం కాదు. ఒడిశాలో ప్రభుత్వ చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాల్లో చాలాకాలం ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. అలాంటి సూదులు నా చేత్తో ఎన్ని వేశానో లెక్కలేదు. అబద్ధం ఫోటోలో లేదు, దాని పైన రాసిన మాటల్లో ఉంది.

మామూలుగా ఇలాంటి ఫార్వర్డులకి నేను జవాబు రాయను. ఈసారి రాయడానికి కారణం ఉంది. కనుమ నాటి మన విందులో చేపల పులుసు తీసేయాలని ముగ్గురు సభ్యులు కమిటీకి రాశారు. ఆ పులుసుకి ఏటేటా చేప ఇచ్చేది ఎవరో మీ అందరికీ తెలుసు. మన సంఘం మనిషే. బరంపురం బజారులో చేపలమ్మి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంటున్న అప్ప. మొన్న బజారులో కనబడితే అడిగాను. "బావూ, మనోల్లే మొకం తిప్పుకుని ఎల్లిపోతన్నారు. నాను అమ్మే చేపకి సూదేసీది నానా? ఏటీ మాటలు?" అంది. మెసేజీ రాసినవాడెవడో మనకి తెలీదు. దాని దెబ్బ మాత్రం ఎవరికి తగిలిందో తెలిసింది.

అందుకని ఆ సూదిలో ఏముంటుందో, ఎందుకు వేస్తారో, ఎవరికి వేస్తారో మొత్తం చెప్తాను. చదివాక నిర్ణయం మీదే.

ముందుగా చేపల సంగతి. మనం బొచ్చె అంటాం, ఒడియావాళ్లు భాకుర అంటారు. మన శీలావతి వాళ్లకి రోహి. మన ఎర్రమోసు వాళ్లకి మిరికాలి. పేర్లు వేరైనా ఈ మూడింటి గుణం ఒకటే. ఇవి ఏటి చేపలు. చెరువులో వేస్తే బాగా తింటాయి, బాగా పెరుగుతాయి. మాఘమాసం దాటి ఎండ ముదిరేకొద్దీ ఆడచేప కడుపులో గుడ్లు తయారవుతాయి. జూన్ నాటికి పొట్ట మెత్తగా, నిండుగా ఉంటుంది. మగచేపని పొట్ట దగ్గర కాస్త నొక్కితే పాలు కారతాయి. అంతా సిద్ధమే. అయినా చెరువులో గుడ్లు పెట్టవు. వానాకాలం పోయాక కడుపులో ఉన్న గుడ్లు ఉన్నట్టే కరిగిపోయి ఒంట్లో కలిసిపోతాయి.

ఏట్లో అయితే వరద వస్తుంది. నీరు పెరుగుతుంది, చల్లబడుతుంది, రంగు మారుతుంది, గట్టు దాటి పల్లానికి పాకుతుంది. అప్పుడే ఆడామగా కలిసి గుడ్లు వదులుతాయి. చెరువులో ఆ కబురు అందదు. మరి చెరువుల్లో వేసే పిల్లలు ఎక్కణ్ణుంచి వచ్చేవి? గంగలోనూ మహానదిలోనూ వరద నీటికి అడ్డంగా సన్నని వలలు కట్టి పట్టేవారు. కలకత్తా వైపు నుంచి మట్టి కుండల్లో రైలు మీద దూరాలకి పంపేవారు. కుండలో నీళ్లు కదలకపోతే పిల్లలు చచ్చిపోతాయి. అందుకని మనిషి పక్కనే కూర్చుని దారి పొడుగునా చేత్తో నీళ్లు కొడుతూ ఉండేవాడు. ఇంత కష్టపడి తెచ్చి చెరువులో వేశాక చూస్తే అందులో సగం పనికిరాని చేపలు, వాటి మధ్య వాలుగ లాంటి వేటచేపలు. మిగతావాటిని అవే తినేసేవి.

ఈ కథ మారింది మన ఒడిశాలోనే. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. ఆలికున్హి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెరువులో పెరిగిన కార్ప్ చేపలకి సూది వేసి గుడ్లు పెట్టించారు. ఆ రోజునే ఇప్పుడు దేశమంతా జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు. మన ఇళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు? అంగుల్ పేరు చెప్తే బొగ్గు గనులూ కరెంటు ఫ్యాక్టరీలూ గుర్తొస్తాయి గానీ చేప గుర్తు రాదు.

ఆ రోజు వాళ్ల సూదిలో ఏముంది? ఫ్యాక్టరీ మందేమీ కాదు. మరో చేప తలలోంచి తీసిన పీయూష గ్రంథి. పిట్యూటరీ అంటే తెలుస్తుంది కదా, అదే. మెదడు కింద వేలాడుతూ, గడ్డి గింజంత ఉంటుంది. బజారులో చేపల తలలు కొట్టే చోట కూర్చుని, పుర్రె చీల్చి, ఆ గింజ పగలకుండా తీసి ఆల్కహాల్ సీసాలో వేసుకునేవాళ్లం. పని ఉన్న రోజున నూరి, నీళ్లలో కలిపి, తేరిన నీటిని సిరంజిలోకి తీసేవాళ్లం. ఆడచేపకి సాయంత్రం తక్కువ మోతాదుతో ఒకటి, ఆరు గంటలు పోయాక ఎక్కువ మోతాదుతో రెండోది. మగచేపకి ఆ రెండోసారి ఒక్కటే. తెల్లారేసరికి గుడ్లు. ఆ రాత్రి నిద్ర అనే మాట ఉండేది కాదు.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నాకొక సందేహం ఉండేది. ఈ తల్లి చేపకి తన తలలో సొంత పీయూష గ్రంథి ఉంది కదా. అందులో కావలసిన హార్మోనూ ఉంది. మరి చచ్చిన చేప తల చీల్చి, పక్కచేప గ్రంథి ఎందుకు పొయ్యాలి? నిండు కుండ ఇంట్లో పెట్టుకుని పక్కింటికి నీళ్లకి వెళ్లినట్టు ఉండేది. సీనియర్లని అడిగితే "అలా చేస్తేనే గుడ్లు పెడుతుంది, పని చూడు" అనేవారు.

దానికి జవాబు మెదడులో ఉంది. అది బయటపడడానికి చాలా ఏళ్లు పట్టింది.

గుడ్డు పక్వమై కడుపులోంచి విడుదల కావాలంటే పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్క ఉదుటున రక్తంలోకి రావాలి. గ్రంథి దాన్ని తనంతట తాను వదలదు. పైన మెదడులో హైపోథాలమస్ అనే చోటు నుంచి ఆజ్ఞ రావాలి. ఆ ఆజ్ఞ పేరు జీఎన్‌ఆర్‌హెచ్. పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. ముందు దాన్ని పశువుల మెదళ్లలో కనుక్కున్నారు. రోజర్ గిలమిన్, ఆండ్రూ షాలీ అనే ఇద్దరికి ఇలాంటి మెదడు హార్మోన్లు కనుక్కున్నందుకే 1977లో నోబెల్ వచ్చింది. మనిషికీ ఇదే పద్ధతి. ఒక తేడా ఉంది. మనలో ఆ ఆజ్ఞ సన్నటి రక్తనాళాల గుండా గ్రంథికి చేరుతుంది. ఈ చేపల్లో నరాల కొసలే నేరుగా గ్రంథిలోకి దిగుతాయి.

ఆజ్ఞ ఏదో తెలిసింది కాబట్టి దాన్ని ల్యాబులో తయారుచేసి చేపకి ఇస్తే సరిపోతుందని అందరూ అనుకున్నారు. ఇచ్చి చూశారు. కార్ప్ జాతి చేపల్లో అది ఒక్కటే ఇస్తే ఫలితం అంతంత మాత్రం. ఎక్కువ మోతాదు ఇచ్చినా నమ్మకం లేదు. ఆజ్ఞ వెళ్తోంది, గ్రంథి మాత్రం కదలడం లేదు.

ఎందుకో తేలింది కెనడాలో. ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా యూనివర్సిటీలో రిచర్డ్ పీటర్ అనే ఆచార్యుడు గోల్డ్‌ఫిష్ మీద పనిచేశాడు. మన ఇళ్లలో గాజుతొట్టిలో తిరిగే బంగారు చేపే. అదీ కార్ప్ కుటుంబానిదే, మన బొచ్చెకి చుట్టం. మెదడులో ఒక చిన్న భాగాన్ని దెబ్బతీస్తే, ఏ ఇంజక్షనూ లేకుండానే ఆ చేపలో ఎల్‌హెచ్ పొంగి గుడ్లు విడుదలయ్యాయి. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ఆ భాగం అంతవరకూ గ్రంథిని నొక్కి పట్టుకుని ఉంది. మెదడు నుంచి "వదులు" అనే ఆజ్ఞ ఒక్కటే కాదు, "వదలొద్దు" అనే ఆజ్ఞ కూడా వస్తోంది. ఆ "వదలొద్దు" అనేది డోపమిన్.

డోపమిన్ పేరు మీరు వినే ఉంటారు. ఫోను చూస్తే వచ్చే సంతోషం అని ఈమధ్య అందరూ చెప్పే డోపమిన్ ఇదే. మన పెద్దల్లో పార్కిన్సన్స్ వచ్చి చేతులు వణికేవాళ్లకి మెదడులో తగ్గిపోయేదీ ఇదే. ఒక నరం ఇంకో కణానికి కబురు చెప్పడానికి వాడే రసాయనం. కబురు ఒకటే అయినా వినే కణాన్ని బట్టి పని మారుతుంది. ఒకచోట కాళ్లూ చేతులూ కదిలిస్తుంది. ఇంకోచోట, బొచ్చె చేప పీయూష గ్రంథిలో, ఎల్‌హెచ్ కణాల మీద కూర్చుని వాటి నోరు మూస్తుంది. పైగా జీఎన్‌ఆర్‌హెచ్ రాకని కూడా తగ్గిస్తుంది. సెరటోనిన్, గాబా లాంటి ఇతర రసాయనాలు గోల్డ్‌ఫిష్‌లో ఎల్‌హెచ్‌ని ముందుకు తోస్తాయి. వెనక్కి లాగే గట్టి చెయ్యి మాత్రం డోపమిన్‌దే. చెరువులో వరద కబురు అందనంతకాలం ఆ చెయ్యి తీయదు.

ఇందులో నాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. డోపమిన్‌కి మెదడులో సొంత పని ఉందని తేల్చే దారి వేసినవాడు స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్. మన దేశపు సర్పగంధి వేరులోంచి తీసిన రిసర్పిన్ ఇస్తే కుందేళ్లు కదలకుండా పడిపోయేవి. ఎల్‌-డోపా ఇస్తే మళ్లీ లేచి తిరిగేవి. ఆయన ఆ పరిశోధన ప్రచురించింది 1957లో. అంగుల్‌లో చేప గుడ్లు పెట్టింది కూడా ఆ ఏడే. ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడు భూమ్మీద ఎవరికీ తెలీదు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది.

సంగతి తెలిశాక చేయవలసింది తేలికైపోయింది. ఒక చేత్తో ఆజ్ఞ ఇవ్వాలి, ఇంకో చేత్తో బ్రేకు వదిలించాలి. రిచర్డ్ పీటర్, చైనాలోని గ్వాంగ్‌ఝౌకి చెందిన లిన్ హావోరాన్ కలిసి 1980ల్లో దీన్ని చెరువు గట్టు మీద పనికొచ్చే పద్ధతిగా మార్చారు. ఇద్దరి పేర్లూ కలిపి దాన్ని లిన్‌పే పద్ధతి అంటారు. దాన్నిబట్టి తయారైనదే ఓవాప్రిమ్. మన హేచరీల్లో చిన్న సీసాల్లో కనిపించేది అదీ, ఆ తరహా మందులూ.

ఒక మిల్లీలీటరు ఓవాప్రిమ్‌లో ఉండేవి రెండు. సాల్మన్ చేప జీఎన్‌ఆర్‌హెచ్‌ని పోలిన పదార్థం 20 మైక్రోగ్రాములు. డాంపెరిడోన్ 10 మిల్లీగ్రాములు. రెండో పేరు ఎక్కడో విన్నట్టుందా? మన ఇంటి మందుల డబ్బాలోనే ఉంటుంది. వాంతులు అవుతుంటే డాక్టరు రాసే మాత్ర అది. ఒక మాత్రలో ఉండేది కూడా మామూలుగా 10 మిల్లీగ్రాములే. డోపమిన్ కబురు వినే చోట అడ్డం కూర్చోవడం దాని పని. ఆడ బొచ్చెకి కిలో బరువుకి సుమారు అర మిల్లీలీటరు మందు వేస్తాం. అంటే కిలో చేపకి అర మాత్ర, దానితో 10 మైక్రోగ్రాముల హార్మోన్. సాయంత్రం ఒక్క సూది. రెండోది అక్కర్లేదు. ఇక గుడ్లు పెట్టించేది ఎవరు? ఆ చేప సొంత గ్రంథి, అందులో అంతకుముందే నిండుగా ఉన్న సొంత ఎల్‌హెచ్.

ఇంట్లో ఆడవాళ్లకి ఈ సంగతి ఇంకోలా తెలిసే ఉంటుంది. కొందరికి డాంపెరిడోన్ వేసుకున్నప్పుడు పాలు పడతాయి. మనుషుల్లో పాలిచ్చే హార్మోన్ ప్రొలాక్టిన్. దాన్ని పీయూష గ్రంథిలో ఆపి ఉంచేది ఈ డోపమినే. బ్రేకు అదే, పట్టుకున్న చక్రం వేరు. డాంపెరిడోన్ మెదడు లోపలికి పెద్దగా పోలేదు. పీయూష గ్రంథి ఆ అడ్డుగోడకి బయట ఉంది కాబట్టి అక్కడ పనిచేస్తుంది.

ఇప్పుడు మెసేజీలోని భయానికి వద్దాం.

ఒకటి. సూది పడేది మన పళ్లెంలోకి వచ్చే చేపకి కాదు, దాని తల్లికి, తండ్రికి. మన చేపకి జన్మలో ఒక్క సూదీ పడలేదు. తల్లి చేప కిలో బరువుకి లక్షకి పైగా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు 14 నుంచి 20 గంటల్లో పొదుగుతాయి. మూడు రోజులకి పిల్ల సొంతంగా తినడం మొదలెడుతుంది. అప్పుడు అది కంటికి ఆనదు. అది కిలో చేప కావడానికి ఇంచుమించు ఏడాది. తల్లికి వేసిన ఆ కాస్త మందు లక్షల గుడ్లలో పంచుకుని, ఏడాది తరవాత మన పులుసులో తేలుతుందంటే ఎలా నమ్మడం?

రెండు. జీఎన్‌ఆర్‌హెచ్ అమైనో ఆమ్లాల గొలుసు. పప్పులో మాంసకృత్తులు ఎలా అరుగుతాయో కడుపులో అదీ అలాగే అరిగిపోతుంది. నోటి ద్వారా పనిచేస్తే దాన్ని సూదిలో పెట్టే శ్రమ ఎందుకు, మేతలోనే కలిపేవాళ్లం కదా.

మూడు. సూదుల కాలం వానాకాలం, జూన్ నుంచి ఆగస్టు వరకు. మన విందు జనవరిలో. కనుమకి అప్ప తెచ్చే కిలో కిలోన్నర చేపలు పోయిన ఏడాది వానల్లోనో అంతకుముందో పుట్టినవి.

నాలుగు. పిల్లలు తొందరగా ఈడుకి రావడం గురించి తల్లిదండ్రులకి దిగులు ఉంటే అది నిజమైన దిగులే, నేను కొట్టిపారేయను. పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. చేప మీద నెపం వేసి ఊరుకుంటే, చూపించవలసిన పిల్లని చూపించకుండా వదిలేసినవాళ్లమవుతాం. పెరిగే పిల్లలకి తేలిగ్గా అరిగే మాంసకృత్తు ఒకటి పోతుంది కూడా.

ఇంతా చెప్పి, హేచరీల్లో అంతా పాలు తేనెలా ఉందని నేను అనను. జాగ్రత్త పడవలసినవి వేరే ఉన్నాయి. సూది పడ్డ తల్లి చేపని ఆ సీజనులో బజారుకి పంపకూడదు. మేము పంపేవాళ్లం కాదు. మంచి హేచరీ ఎవరూ పంపరు, ఎందుకంటే అదే మళ్లీ ఏడాదికి వాళ్ల పెట్టుబడి. తిలాపియా అనే చేప సంగతి వేరు. కొన్నిచోట్ల దాని పిల్లలన్నీ మగవే కావాలని మొదటి మూడు నాలుగు వారాలు మేతలో హార్మోన్ కలుపుతారు. దాన్నీ దీన్నీ కలిపి మాట్లాడకూడదు. ఇంకొకటి, సూది ఇంత సులువయ్యేసరికి కొందరు ఒకే తల్లి సంతతిని తరాల తరబడి తమలో తామే కలుపుతున్నారు. ఇంకొందరు బొచ్చెనీ శీలావతినీ ఒకే తొట్టిలో వదిలి సంకరం చేస్తున్నారు. దానివల్ల తినేవాడికి జబ్బు రాదు గానీ, రైతు చెరువులో చేప ఎదగదు. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో ఉన్న కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ, సీఫా, మంచి శీలావతుల్ని ఏరి ఏరి జయంతి రోహు తయారుచేసింది ఈ గొడవలన్నీ చూశాకే. కొనేటప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు కూడా సూది గురించి కావు. చేప ఎప్పుడు పట్టింది? ఐసు సరిగ్గా పడిందా? మొప్పలు ఎర్రగా ఉన్నాయా? కొల్లేరు వైపు నుంచి లారీలో వచ్చిందైనా, గంజాం చెరువులో పట్టిందైనా ఇవే ప్రశ్నలు.

నాకు ఈ ఉద్యోగంలో మిగిలిన ఒక ఆలోచన చెప్తాను. తల్లి చేపని చూస్తూ, దీనికి ఏదో తక్కువైంది, మనం పొయ్యాలి అనుకునేవాళ్లం. నిజానికి దానికి ఏదీ తక్కువ కాలేదు. అన్నీ తన దగ్గరే ఉన్నాయి, ఒక చెయ్యి పట్టి ఆపుతోంది. ఆ చెయ్యి శత్రువు కూడా కాదు. నీరు లేని చోట గుడ్లు పెడితే పిల్లలు బతకవు కాబట్టి మంచి రోజు వచ్చేదాకా ఆపడం దాని పని. మనం తొట్టిలో నీరు తిప్పి, ఆక్సిజన్ ఇచ్చి, పిల్లలకి కాపలా కాస్తాం కాబట్టి ఆ చేతిని ఒక రాత్రి పక్కకి తప్పుకోమంటున్నాం. అంతే. దీన్ని విషం ఎక్కించడం అనడం అన్యాయం.

ఆదివారం మీటింగులో నేను పెట్టబోయే మాటలు మూడు. కనుమ విందులో చేపల పులుసు ఉండాలి. చేప ఎప్పటిలాగే అప్ప దగ్గరే తీసుకోవాలి, అడ్వాన్సు ఈ వారమే ఇవ్వాలి. ఆ మెసేజీ గ్రూపులో పెట్టినవాళ్లు దాన్ని తీసేసి, అదే గ్రూపులో తీసేశామని ఒక మాట రాయాలి. ఎవరినీ నిలదీయక్కర్లేదు, భయం కొద్దీ పంపారు.

సందేహాలున్నవాళ్లు కామెంట్లలో అడగండి, నాకు తెలిసినంతవరకు చెప్తాను. వచ్చే వానాకాలంలో పిల్లలతో సహా ఎవరైనా హేచరీ చూస్తామంటే నేను తీసుకెళ్తాను. సాయంత్రం సూది వేయడం చూసి, రాత్రి అక్కడే ఉండి, తెల్లవారుజామున తొట్టిలో గుడ్లు ముత్యాల్లా తిరగడం చూడవచ్చు. దోమలు మాత్రం ఎక్కువ. దుప్పట్లు తెచ్చుకోండి.